నెలసరి ఆగిన తర్వాత వీడని నీరసం

నర్సంపేట చుట్టుపక్కల సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం ముందుకు వచ్చే స్త్రీలలో నలభై అయిదు, యాభై దాటినవారే ఎక్కువ. వారి విన్నపం కూడా దాదాపు ఒకటే. పానం బాగుంటలేదు, సత్తువ లేదు, పొద్దున లేవంగనే అలసట, కాళ్లు గుంజుతున్నయి, రాత్రి నిద్ర పడతలేదు. ఏళ్ల తరబడి ఇదే మాట వింటున్నాం. వారికోసం ప్రార్థిస్తున్నాం, ఇకముందు కూడా ప్రార్థిస్తాం. అయితే ఈ నీరసానికి చాలాసార్లు కనిపెట్టగల కారణం ఉంటుంది, చికిత్స చేయగల కారణం ఉంటుంది. ఆ సంగతి మన సంఘాలకు తెలియాలని ఈ వారం సంపాదకీయాన్ని దీనికే కేటాయిస్తున్నాం.

ముట్టు గురించి, అది ఆగిపోవడం గురించి సంఘంలో మాట్లాడటానికి మనం వెనకాడతాం. వాక్యం మాత్రం వెనకాడలేదు. ఆదికాండము 18వ అధ్యాయంలో శారాకు నెలసరి నిలిచిపోయిన సంగతి దాపరికం లేకుండా రాయబడి ఉంది. లేఖనమే చెప్పిన మాటను స్త్రీల కూడికలో చెప్పుకోవడానికి మనకు సిగ్గు ఎందుకు? మనం మాట్లాడకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. వయసు మీద పడిందని, ఆపరేషన్ అయిందని, విశ్వాసం తగ్గిందని రకరకాలుగా అనుకుంటూ, ఒక్క రక్తపరీక్ష కూడా లేకుండా పది, పదిహేనేళ్లు నెట్టుకొస్తున్న తల్లులు మన మధ్యనే ఉన్నారు.

దేహంలో జరిగేది ఏమిటి?

వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51 ఏళ్ల దగ్గర వస్తుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను తయారుచేయడం తగ్గించడమే దీనికి మూలం. ఆ హార్మోన్ పని గర్భసంచితోనే ముగిసిపోదు. ఎముకల గట్టిదనం, నిద్ర, శరీర ఉష్ణోగ్రత, మనసు నిలకడ, గుండె రక్తనాళాలు, అన్నిటి మీదా దాని ప్రభావం ఉంటుంది. అందుకే ఈ వయసులో ఒంట్లో ఆవిర్లు రావడం, రాత్రి చెమటతో మెలకువ రావడం, చిన్న మాటకు కోపమో ఏడుపో రావడం కనిపిస్తాయి.

ఇది జబ్బు కాదు, జీవితంలో ఒక దశ. చాలామందికి కొన్నేళ్లలో ఆవిర్లు తగ్గుముఖం పడతాయి. రాత్రి మూడు నాలుగు సార్లు మెలకువ వచ్చే మనిషికి పగలు అలసటగా ఉండటం సహజమే. కానీ నెలలు, సంవత్సరాలు గడిచినా నీరసం వదలకపోతే, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే, మెనోపాజ్ ఒక్కటే కారణమని తీర్మానించుకోకూడదు. ఆ వయసులోనే మరికొన్ని సమస్యలు చాటుగా మొదలవుతాయి.

మన ప్రాంతంలో మరొక సంగతి

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయాన్ని గర్భసంచి ఆపరేషన్ నుంచి విడదీసి మాట్లాడలేం. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉంటే, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 8 శాతానికి పైగా ఉన్నారు. దేశంలో ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అవసరం లేని ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకున్న స్త్రీకి ముట్టు ఆ రోజుతో ఆగిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు బలహీనపడే ప్రమాదం, గుండె జబ్బు ప్రమాదం పదేళ్ల ముందే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా, అవి మామూలుకంటే కొన్నేళ్ల ముందే పని తగ్గించే అవకాశం ఉంది. ముట్టు లేదు కాబట్టి మెనోపాజ్ ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. నీరసం వస్తే ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇంతేనని సర్దుకుంటుంది. కాబట్టి ఆపరేషన్ చేయించుకున్న ప్రతి సహోదరీ రెండు సంగతులు తెలుసుకోవాలి. అండాశయాలు తీశారా, ఉంచారా? ఆపరేషన్ ఎందుకు చేశారు? డిశ్చార్జి కాగితంలో ఆ వివరం ఉంటుంది. ఆ కాగితాన్ని పారేయకుండా దాచుకుని, డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ చూపించాలి.

ఆపరేషన్ ఇంకా జరగనివారికి ఒక మాట. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో గర్భసంచి తీసేయాలని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోకండి. మరో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. గర్భసంచి తీసేస్తే నీరసం పోతుందన్న మాట నిజం కాదు.

నీరసం వెనుక దాగి ఉండే కారణాలు

మొదటిది రక్తహీనత. అదే సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే సగానికి పైగా స్త్రీలు ఖాళీ అయిన ఇనుము నిల్వలతోనే మెనోపాజ్‌కు చేరుతున్నారు. ముట్టు ఆగే ముందు కొన్నేళ్లు ఎక్కువగా రక్తస్రావం అయినవారి పరిస్థితి ఇంకా బలహీనం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టే. ముట్టు ఆగి ఏళ్లు గడిచినా రక్తం పెరగకపోతే, అది ఎక్కడో పోతోందేమో చూడాలి. మొలలు, కడుపులో పుండు, రోజూ వేసుకునే నొప్పుల గోలీలు, అరుదుగా పేగుల్లో క్యాన్సర్ దీనికి కారణం కావచ్చు.

రెండవది థైరాయిడ్. ఈ గ్రంథి మందగిస్తే నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం వస్తాయి. ఇవన్నీ మెనోపాజ్ లక్షణాల్లాగే అనిపిస్తాయి గనుక పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

మూడవది షుగర్. మాటిమాటికీ మూత్రం, దాహం, పుండు మానకపోవడం కనిపించకముందే నీరసం కనిపించవచ్చు. నాలుగవది బి12 విటమిన్ లోపం. మాంసం, గుడ్లు, పాలు తక్కువగా తినేవారికీ, షుగర్ కోసం మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నవారికీ ఇది వస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు దీని గుర్తులు. ఎండలో పనిచేసేవారికి కూడా డి విటమిన్ తక్కువ ఉండవచ్చు. ఒంటినొప్పులు, కండరాల బలహీనత అలాగే వస్తాయి.

ఇంకో మూడు ఉన్నాయి, వీటిని ఎవరూ అడగరు. గురక పెద్దగా ఉండి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే రాత్రంతా పడుకున్నా అలసట తీరదు. మెనోపాజ్ తర్వాత స్త్రీలలో ఇది పెరుగుతుంది. పక్కన పడుకున్నవారే ఈ సంగతి చెప్పగలరు. ఇక గుండె జబ్బు. స్త్రీలలో ఇది ఛాతీ నొప్పి లేకుండా, ఆయాసంగా, అంతుపట్టని నీరసంగా బయటపడే సందర్భాలు ఉన్నాయి. చివరిది మానసిక కుంగుబాటు. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, ఏడుపు ఆగకుండా, బతుకు మీద విసుగు పుడుతుంటే అది కూడా వైద్యం చేయగల జబ్బే. టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చాలామందిలో వీటిలో ఒక్కటే ఉండదు. కాస్త రక్తం తక్కువ, కాస్త థైరాయిడ్, రాత్రి నిద్ర లేదు, పగలంతా మిరప తోటలో పని. అన్నీ కలిసి ఒక మనిషిని కూలదోస్తాయి.

ఏ పరీక్షలు చేయించుకోవాలి?

కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లడం మన సహోదరీలకు ఎంత కష్టమో మాకు తెలుసు. మిరపకాయ ఏరే కాలంలో, పత్తి తీసే కాలంలో ఒక రోజు మానితే ఇంటి లెక్క తప్పుతుంది. అందుకే ఒకే పొద్దున అన్నీ చూపించుకునేలా వెళ్లండి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా, పొద్దున్నే పరగడుపున వెళితే షుగర్ పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది.

అడగవలసినవి ఇవి: బీపీ, బరువు, సి.బి.పి. అనే రక్తపరీక్ష, షుగర్, థైరాయిడ్‌కు టి.ఎస్.హెచ్., కిడ్నీ పనితీరుకు క్రియాటినిన్. వీలైతే ఫెర్రిటిన్, బి12, డి విటమిన్. అవసరమైతే గుండెకు ఈసీజీ. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. కొన్ని బీపీ మందులు, ఎలర్జీ గోలీలు, నిద్రమాత్రలు కూడా నీరసం తెస్తాయి.

వీటిలో చాలా పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా జరుగుతాయి. 2023 మార్చి 8న రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్య మహిళ కార్యక్రమం మంగళవారాల్లో స్త్రీల కోసమే ఏర్పాటైంది. అది అందించే సేవల్లో మెనోపాజ్ సమస్యలు కూడా ఉన్నాయి. మీకు దగ్గరలో ఏ కేంద్రంలో ఈ సేవ దొరుకుతుందో ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి. నర్సంపేటలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అంతకు మించి అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఉంది.

సెలైన్ బాటిల్ సంగతి

నీరసం అనగానే గ్లూకోజ్ పెట్టించుకోవడం మన ఊళ్లలో అలవాటు. ఒక లెక్క చూడండి. అయిదు శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే సుమారు అయిదారు చెంచాలు, వంద కేలరీలకు మించదు. రెండు అరటిపండ్లు తిన్నా అంతకంటే ఎక్కువ శక్తే వస్తుంది. సెలైన్ ఎక్కాక కొన్ని గంటలు తేలికగా అనిపించడం నిజమే. ఒంట్లో నీరు చేరుతుంది, రెండు గంటలు పడుకుంటాం. కానీ రక్తం పెరగదు, థైరాయిడ్ మారదు. తెలియకుండా షుగర్ ఉన్నవారికి గ్లూకోజ్ హాని చేస్తుంది.

పేరు చెప్పకుండా ఇచ్చే బలం సూదుల్లో, నొప్పుల గోలీల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. మొదట హాయిగా ఉంటుంది. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్, బీపీ పెరుగుతాయి. ఏ మందైనా దాని పేరు కాగితం మీద రాయించుకోండి.

మందులు వాడే తీరు

మంచి మందు కూడా వేళ తప్పితే పనిచేయదు. థైరాయిడ్ గోలీని పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట వరకు చాయ్ కూడా తాగకూడదు. ఇనుము, కాల్షియం గోలీలు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇనుము గోలీనీ కాల్షియం గోలీనీ ఒకేసారి వేసుకోవద్దు. ఇనుము గోలీ వాడినప్పుడు మలం నల్లగా వస్తుంది, భయపడనక్కర లేదు. కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు. రక్తం మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరికొన్ని నెలలు వాడాలి. చాలామంది నెల రోజులకే ఆపేసి, మళ్లీ మొదటికి వస్తున్నారు.

ఒంటి ఆవిర్లతో రాత్రుళ్లు నిద్రే లేనివారికి హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది. అరవై ఏళ్లలోపు, లేదా ముట్టు ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే ప్రయోజనం ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికీ, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికీ ఇది పనికిరాదు. గర్భసంచి ఉన్నవారికి ఒక తీరు, లేనివారికి ఒక తీరు ఇవ్వాలి. గైనకాలజిస్టు పరీక్షించి రాస్తేనే వాడాలి. ఇంట్లోనో పొరుగునో ఎవరికో పడిందని అదే మందు కొనుక్కోకూడదు.

తిండి, నిద్ర, కదలిక

మన తల్లులు అందరికీ వడ్డించి, మిగిలింది తింటారు. మిగిలేది చాలాసార్లు అన్నం, పచ్చిపులుసు, తొక్కు. పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్డు పిల్లలకు పోతుంది. ఈ వయసులో కండ తరిగిపోతుంది గనుక పప్పు, గుడ్డు, పెరుగు, చేప, పల్లీలు, శనగలు ఏదో ఒకటి ప్రతి పూటా ఆమె పళ్లెంలో ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మెనోపాజ్ దాటిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. రాగి జావ, పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు కలిపితే చాలావరకు ఇంట్లోనే సమకూరుతుంది. తోటకూర, పాలకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటపట్టదు, గంట ఆగండి.

నిద్రకు ఒక వేళ పెట్టుకోండి. సాయంత్రం తర్వాత చాయ్ మానండి. రాత్రి చెమట పట్టేవారు పల్చని నూలు బట్టలు కట్టుకుని, గాలి వచ్చే చోట పడుకోండి. మధ్యాహ్నం అరగంట పడుకోవచ్చు, అంతకు మించితే రాత్రి నిద్ర పోతుంది.

పొలంలో రోజంతా వంగి పనిచేసే మనిషికి వ్యాయామం ఎందుకు అని అడుగుతారు. ఆ పనిలో నడుము అరుగుతుంది, తొడల బలం పెరగదు. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, రోజుకు రెండుసార్లు చేస్తే చాలు, కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఇంటిపట్టున ఉండేవారు వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడవండి. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఓపిక ఉన్న రోజున అన్ని పనులూ ఒకేసారి చేసి, మర్నాడు మంచం పట్టడం మానుకుని, పనిని రోజుల మీద పంచుకోండి.

వెంటనే చూపించుకోవలసిన గుర్తులు

ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆగకూడదు. మళ్లీ ముట్టు వచ్చిందని సంతోషించే విషయం కాదది, గర్భసంచి క్యాన్సర్‌కు తొలి గుర్తు కావచ్చు. రొమ్ములో గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ఇనుము గోలీలు వాడకపోయినా నల్లటి మలం, కాళ్ల వాపు, నాలుగు అడుగులకే ఆయాసం కనిపిస్తే కూడా ఆ వారమే చూపించుకోవాలి. ఛాతీలో బిగువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే ఆ గంటలోనే 108కి ఫోన్ చేయండి.

సంఘం చేయగలిగినది

మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకుంటూ పడుకున్నప్పుడు దేవుడు మొదట గద్దింపు పంపలేదు. దూత వచ్చి తట్టి లేపి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ నిద్రపోనిచ్చాడు. రెండోసారి కూడా భోజనమే పెట్టాడు. మాట్లాడవలసిన సంగతులు ఆ తర్వాత వచ్చాయి. అలసిన సహోదరితో విశ్వాసం తగ్గిందని, ప్రార్థనకు రావడం లేదని అనే ముందు ప్రతి కాపరీ ఈ వరుసను గుర్తుంచుకోవాలని మేము కోరుతున్నాం.

షుగర్ మందులు వాడేవారు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దని కాపరులే వేదిక మీద నుంచి చెప్పాలి. రాత్రి జాగరణ కూడికలకు రాలేనివారికి పగటి ప్రార్థన ఏర్పాటు చేయాలి. సంఘ భోజనం వండటం, మందిరం ఊడ్వడం ఏళ్ల తరబడి ఆ నలుగురైదుగురు తల్లుల మీదే పడుతోంది. యవ్వనస్థులు, పురుషులు ఆ పనిలో వంతు పంచుకోవచ్చు. స్త్రీల కూడికలో ఒక రోజు ఏఎన్ఎంను పిలిచి బీపీ, షుగర్ చూపించి, ఈ విషయాలు మాట్లాడించవచ్చు. కూలి మానుకుని ఆసుపత్రికి వెళ్లే పేద విధవరాలికి ఆ రోజు కూలి, బస్సు చార్జీ సంఘ కానుకల్లోంచి ఇవ్వడం పరిచర్యే.

ఇక ఇంట్లో ఉన్న భర్తలకు, కొడుకులకు, కోడళ్లకు ఒక మాట. ఆమె తనంతట తాను ఆసుపత్రికి వెళ్తానని అనదు. ఖర్చు అవుతుందని, పని ఆగుతుందని వాయిదా వేస్తుంది. ఈ వారంలో ఒక రోజు చూసుకుని మీరే తోడు వెళ్లండి. పాత ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మందులు తీసుకుని, పరగడుపున, పొద్దున్నే బయలుదేరండి. ఆ రోజు ఇంటి వంట మరొకరు చూసుకోవచ్చు.